లోగో సైజు మార్చినా మసకబారకుండా: ఫావికాన్ నుంచి ఫ్లెక్స్ దాకా

"అన్నా, లోగో వాట్సాప్‌లో పెట్టాను. ఆరడుగుల బోర్డుకి కొంచెం పెద్దది చేసిపెట్టు."

డిజైన్ పని చేసేవాళ్లకి ఈ మెసేజ్ కొత్త కాదు. తెరిచి చూస్తే అది ఎవరో తీసిన స్క్రీన్‌షాట్, పైన బ్యాటరీ గుర్తుతో సహా. దాన్ని లాగితే మసక, లాగకపోతే బోర్డు మీద తపాలా బిళ్ళంత లోగో. లోపం సైజు మార్చే పద్ధతిలో కన్నా, మొదలుపెట్టిన ఫైల్‌లోనే ఎక్కువగా ఉంటుంది. అందుకే ఇక్కడ సగం పని సాఫ్ట్‌వేర్ తెరవకముందే అయిపోతుంది.

ఉదాహరణకి ఒక టిఫిన్ సెంటర్ లోగో అనుకుందాం. గుండ్రటి పళ్లెం, పైన మూడు ఆవిరి గీతలు, కింద తెలుగులో పేరు. చేతిలో ఉన్నది 400 పిక్సెల్స్ వెడల్పు ఉన్న జేపీజీ.

1. చేతిలో ఉన్న ఫైల్ ఏ రకమో తేల్చుకోండి

బొమ్మ ఫైళ్లు రెండు రకాలు. జేపీజీ, పీఎన్‌జీ, వెబ్‌పీ లాంటివి ముగ్గు చుక్కల్లాగా పిక్సెల్స్ పేర్చి చేసినవి. చుక్కలు ఎన్ని ఉన్నాయో అన్నే. ఎస్‌వీజీ, ఏఐ, సీడీఆర్, ఈపీఎస్ లాంటివి గీతల లెక్క రాసిపెట్టుకున్నవి, అంటే వెక్టార్. ఎంత పెద్దది చేసినా ఆ లెక్క ప్రకారం మళ్లీ కొత్తగా గీస్తాయి కాబట్టి అంచు చెక్కుచెదరదు. పీడీఎఫ్ మాత్రం సంచి లాంటిది, లోపల ఏదైనా ఉండొచ్చు.

ఫైల్ పేరు చివర ఉన్న అక్షరాలు చూసి నమ్మకండి. జేపీజీని తెచ్చి ఇలస్ట్రేటర్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, ఏఐ అని సేవ్ చేసి "వెక్టార్ ఇచ్చాం" అనేవాళ్లు ఉన్నారు. నేనూ ఒకసారి అలాగే డబ్బులు కట్టి మోసపోయాను. వెక్టార్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లలో ఫైల్ తెరిచి ఇలా పరీక్షించండి:

- ఇంక్‌స్కేప్‌లో వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్, అందులో అవుట్‌లైన్. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్, వై. కోరల్ డ్రాలో వ్యూ మెనూలో వైర్‌ఫ్రేమ్.
- రంగులు పోయి పళ్లెం, ఆవిరి, అక్షరాలు సన్నగీతలుగా కనిపిస్తే అది నిజమైన వెక్టార్.
- అక్షరాల గీతలేవీ లేకుండా మొత్తం ఒకే దీర్ఘచతురస్రంలా (కోరల్ డ్రాలో అయితే రంగు పోయిన ఫోటోలా) ఉంటే లోపల ఉన్నది మామూలు ఫోటోనే.

2. అసలు ఫైల్ కోసం ఒక పూట వెతకండి

దీన్ని దాటేసి నేరుగా పెద్దది చేయడానికి కూర్చునేవాళ్లే ఎక్కువ. గంట వెతికితే దొరికే ఫైల్ కోసం రెండు రోజులు కుస్తీ పడతారు. ఈ వరుసలో చూడండి:

- లోగో చేసిన డిజైనర్‌ని అడగండి. "లోగో పంపు" అంటే మళ్లీ జేపీజీయే వస్తుంది. "సీడీఆర్ గానీ ఏఐ గానీ, అక్షరాలు కర్వ్స్ చేసి పంపండి" అని విడమరిచి చెప్పండి. కర్వ్స్ అంటే ఫాంట్‌తో పని లేకుండా అక్షరాల్ని గీతల ఆకారాలుగా మార్చడం.
- విజిటింగ్ కార్డులు వేసిన ప్రెస్‌లో, పాత ఫ్లెక్స్ వేసిన షాపులో అడగండి. మన దగ్గర ఈ షాపుల్లో ఎక్కువగా వాడేది కోరల్ డ్రా. పాత పని వాళ్ల కంప్యూటర్‌లో ఉండే అవకాశం బాగా ఉంది.
- మెయిల్‌లో పాత పీడీఎఫ్‌లు వెతకండి: బ్రోచర్, మెనూ కార్డు, కొటేషన్, బిల్లు. వాటిని ఇంక్‌స్కేప్‌లో తెరిచి లోగో మీద జూమ్ చేయండి. ఎంత దగ్గరికెళ్లినా అంచు నున్నగా ఉంటే నిధి దొరికినట్టే. కాపీ చేసుకుని ఎస్‌వీజీగా సేవ్ చేయండి.
- కాన్వాలో చేసిన లోగో అయితే ఆ డిజైన్ తెరిచి 'పీడీఎఫ్ ప్రింట్' రకంలో దింపుకోండి. గీతలతో చేసిన బొమ్మలు, అక్షరాలు అందులో సాధారణంగా గీతలుగానే వస్తాయి. ఎస్‌వీజీగా దింపుకోవడానికి డబ్బు కట్టిన ఖాతా కావాలి.

ఏదీ దొరక్కపోతే ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద కాపీ తీసుకోండి. వాట్సాప్‌లో తెప్పించుకుంటుంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని నొక్కి చిన్నది చేసేస్తుంది.

3. ఎంత సైజు కావాలో ముందే లెక్క వేయండి

"పెద్దది" అన్నది సైజు కాదు. అచ్చుకైతే సూత్రం ఒక్కటే: అంగుళాలను అంగుళానికి కావలసిన పిక్సెల్స్‌తో గుణించండి. చేతిలో పట్టుకుని చూసేవాటికి 300, దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌కి 72 కూడా చాలు.

- విజిటింగ్ కార్డు, 3.5 × 2 అంగుళాలు: మొత్తం కార్డు 1050 × 600. అందులో అంగుళం లోగోకి 300.
- లెటర్‌హెడ్ మీద 2 అంగుళాల లోగో: 600.
- 10 × 4 అడుగుల ఫ్లెక్స్: 8640 × 3456.
- వాట్సాప్ బిజినెస్ ప్రొఫైల్: 640 × 640.
- యూట్యూబ్ ఛానల్ బొమ్మ: 800 × 800.
- ప్లే స్టోర్ ఐకాన్: 512 × 512.
- బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించే ఫావికాన్: 32 × 32, 16 × 16.
- వెబ్‌సైట్ పైభాగంలో 200 పిక్సెల్స్ వెడల్పులో కనిపించే లోగో: 400. ఇప్పటి ఫోన్ స్క్రీన్లు ఒకచోట రెండు, మూడు పిక్సెల్స్ వాడతాయి కాబట్టి కనీసం రెట్టింపు ఇవ్వాలి.

మన 400 పిక్సెల్స్ జేపీజీ సంగతి చూద్దాం. 300 చొప్పున అచ్చు వేస్తే 1.3 అంగుళాలే వస్తుంది. అదే లోగోని 4 అడుగుల వెడల్పుకి లాగితే ఒక్కో పిక్సెల్ 3 మిల్లీమీటర్లవుతుంది, అంటే ఇంచుమించు పెసరగింజంత. రోడ్డవతలి నుంచి కూడా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

దీనితో మీ దారి తేలిపోతుంది. వెక్టార్ ఉంటే 4కి వెళ్లండి. పిక్సెల్ ఫైల్ కావలసిన దానికన్నా పెద్దదైతే 5. చిన్నదైతే 6.

4. వెక్టార్ ఉంటే

1. ఫైల్‌కి కాపీ తీసి, కాపీ మీదే పని చేయండి.
2. వెడల్పు, ఎత్తు పక్కన తాళం గుర్తు వేసి ఉందో లేదో చూడండి.
3. పెంచే ముందు గీతల మందం సెట్టింగ్ చూడండి. ఇది మరిచిపోతే పళ్లెం పదింతలవుతుంది, ఆవిరి గీతలు మాత్రం పాత మందంలోనే ఉండి వెంట్రుకల్లా తేలతాయి. ఇలస్ట్రేటర్‌లో 'స్కేల్ స్ట్రోక్స్ అండ్ ఎఫెక్ట్స్' టిక్ చేయండి. కోరల్ డ్రాలో అవుట్‌లైన్ పెన్‌లో 'స్కేల్ విత్ ఆబ్జెక్ట్'. ఇంక్‌స్కేప్‌లో సెలెక్ట్ టూల్ పట్టుకుంటే పైన బార్‌లో దీనికి బటన్ ఉంటుంది.
4. అక్షరాలన్నీ ఎంచుకుని కర్వ్స్‌గా మార్చండి. కోరల్ డ్రాలో కంట్రోల్, క్యు. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ. ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్'.
5. ఫ్లెక్స్‌కి, వినైల్ కటింగ్‌కి, అక్రిలిక్ అక్షరాల బోర్డుకి వెక్టార్‌గానే ఇవ్వండి. స్క్రీన్ కోసమైతే కావలసిన పిక్సెల్ సైజులో పీఎన్‌జీ ఎక్స్‌పోర్ట్ చేయండి.

నాలుగో అడుగు తెలుగువాళ్లకి మరీ ముఖ్యం. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లతో టైప్ చేసిన పేరు యూనికోడ్ (ఏ కంప్యూటర్ అయినా తెలుగుగా చదవగలిగే పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మీ టిఫిన్ సెంటర్ పేరు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన చెత్త వస్తుంది. రాత్రి పదింటికి ఫ్లెక్స్ షాపు నుంచి ఫోన్ రావడం, పొద్దున్నే ఓపెనింగ్ అని మీకు టెన్షన్, ఇదంతా ఒక్క షార్ట్‌కట్ మరిచిపోయినందుకు. కర్వ్స్ చేశాక అక్షరాలు దిద్దడం కుదరదు కాబట్టి టైప్ చేసిన ఫైల్ ఒకటి విడిగా దాచుకోండి.

వెక్టార్‌ని పిక్సెల్ బొమ్మలు దిద్దే ఫోటోషాప్‌లోనో గింప్‌లోనో తెరవాల్సి వస్తే, తెరిచేటప్పుడే ఎంత సైజు అని అడుగుతుంది. కావలసిన సైజు అక్కడే ఇవ్వండి. చిన్నగా తెరిచి లోపలికెళ్లాక పెంచితే వెక్టార్ ఉన్న లాభం పోయినట్టే.

5. పెద్ద పిక్సెల్ ఫైల్‌ని చిన్నది చేయాలంటే

చిన్నది చేయడం తేలికే. క్రమం తప్పితేనే చెడిపోతుంది: ముందు కత్తిరించు, తర్వాత తగ్గించు, తర్వాత పదును పెట్టు, చివర సేవ్ చెయ్యి.

గింప్‌లో ఇలా:

1. ఇమేజ్ మెనూలో మోడ్ ఆర్‌జీబీగా ఉందో లేదో చూడండి. 'ఇండెక్స్‌డ్' అని ఉంటే ఆర్‌జీబీకి మార్చండి, లేకపోతే అంచులు రంపం పళ్లలా వస్తాయి.
2. చుట్టూ ఉన్న వృథా జాగా క్రాప్ చేయండి.
3. ఇమేజ్ మెనూలో 'స్కేల్ ఇమేజ్' తెరిచి, గొలుసు గుర్తు కలిసి ఉండగా వెడల్పు ఒక్కటే ఇవ్వండి. ఎత్తు దానంతట అదే వస్తుంది.
4. ఇంటర్‌పొలేషన్ (కొత్త పిక్సెల్స్ లెక్కగట్టే పద్ధతి) దగ్గర క్యూబిక్ గానీ నోహేలో గానీ ఎంచుకోండి.
5. తగ్గించాక కొంచెం మెత్తబడినట్టుంటే 'షార్పెన్' ఫిల్టర్ కాస్త వేయండి. అంచు చుట్టూ తెల్ల గీత మెరిసిందంటే ఎక్కువైనట్టు.

ఫోటోషాప్‌లో 'ఇమేజ్ సైజ్' తెరిచి, రీశాంపుల్ దగ్గర 'బైక్యూబిక్ షార్పర్' పెట్టండి. పోస్టర్‌లో లోగో పెట్టి అటూ ఇటూ సైజు మార్చి చూసే అలవాటుంటే, ముందే లేయర్‌ని 'స్మార్ట్ ఆబ్జెక్ట్'గా మార్చండి. అలా చేయకుండా తగ్గించి ఓకే చేసి, మళ్లీ పెంచితే పోయిన పిక్సెల్స్ తిరిగి రావు.

ప్రతి సైజునీ పెద్ద ఫైల్ నుంచే నేరుగా తీయండి. 2000 నుంచి 800, ఆ 800 నుంచి 400, ఆ 400 నుంచి 32 అని మెట్లు దిగితే ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది.

మరీ చిన్న సైజుల దగ్గర తెలుగు లోగోలకి వేరే చిక్కుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక వరుసలో సర్దుకుంటుంది. మనకి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'లక్ష్మి'లో 'క్ష్మి' 32 పిక్సెల్స్‌లో పడితే అది సిరా మరకే. ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని కాపాడలేదు. అందుకని చిన్న సైజుకి వేరే రూపం చేసుకోండి: పేరు తీసేసి పళ్లెం, ఆవిరి మాత్రం ఉంచండి, లేదా పేరులో మొదటి అక్షరం ఒక్కటే పెట్టండి. మూడు ఆవిరి గీతలు కలిసిపోతుంటే రెండు చేసి, కాస్త లావుగా గీయండి.

గుండ్రంగా కత్తిరించే ప్రొఫైల్ బొమ్మల్లో మూలలు పోతాయి. 640 పిక్సెల్స్ వృత్తంలో పూర్తిగా ఇమిడే చతురస్రం సుమారు 450. మీ లోగో ఆ లోపల ఉండేలా చూసుకోండి.

6. చిన్న పిక్సెల్ ఫైల్‌ని పెద్దది చేయాలంటే

లేని పిక్సెల్స్‌ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. ఫోటోషాప్‌లో 'ప్రిజర్వ్ డీటెయిల్స్ 2.0' పెట్టి ఒకటిన్నర, రెండింతల దాకా నెట్టుకు రావచ్చు. కృత్రిమ మేధతో (పైన చెప్పిన ఏఐ ఫైల్ కాదు) పెద్దది చేసే అప్‌స్కేయిల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఫోటోలకి బాగానే ఉంటాయి. తెలుగు అక్షరాల దగ్గర మాత్రం వాటిని కళ్లు మూసుకుని నమ్మొద్దు. అంచు అద్దంలా వస్తుంది, ఒత్తు మాత్రం ఇంకేదో ఆకారం అయిపోతుంది.

అంతకుమించి కావాలంటే సాగదీయడం మానేసి మళ్లీ గీయాల్సిందే. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ చాలు.

*ముందు బొమ్మని శుభ్రం చేయండి.* గింప్‌లో తెరిచి క్రాప్ చేయండి. క్యూబిక్‌తో మూడు, నాలుగింతలు పెంచండి. మసకగా వస్తుంది, పర్వాలేదు, ట్రేస్ చేసేటప్పుడు, అంటే పిక్సెల్ బొమ్మ నుంచి సాఫ్ట్‌వేర్ చేత వెక్టార్ గీతలు గీయించేటప్పుడు, వంపులు నున్నగా రావడానికి అది పనికొస్తుంది. వెనకాల రంగుని పూర్తి తెలుపు చేసి కాంట్రాస్ట్ పెంచండి. పీఎన్‌జీగా సేవ్ చేయండి.

*తర్వాత ట్రేస్ చేయండి.* ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి బొమ్మని ఎంచుకుని, పాత్ మెనూలో 'ట్రేస్ బిట్‌మ్యాప్' తెరవండి. ఒకే రంగు లోగో అయితే సింగిల్ స్కాన్‌లో 'బ్రైట్‌నెస్ కటాఫ్'. రంగులు ఎక్కువైతే మల్టిపుల్ స్కాన్‌లో 'కలర్స్', స్కాన్ల సంఖ్య మీ రంగులకన్నా ఒకటి ఎక్కువ. 'స్టాక్' టిక్ చేస్తే రంగుల మధ్య తెల్ల సందులు రావు. కోరల్ డ్రా ఉన్నవాళ్లకి 'అవుట్‌లైన్ ట్రేస్'లో 'లోగో' అన్న రకం ఉంది.

*'స్పెకిల్స్' దగ్గర ఆగండి.* చిన్న చిన్న మచ్చల్ని వదిలేయడానికి పెట్టిన సెట్టింగ్ ఇది. దానికి మచ్చకీ మన అక్షరంలోని చుక్కకీ తేడా తెలియదు. ఎక్కువ పెడితే 'ఠ' లోపలి చుక్క పోయి 'ర' అవుతుంది, 'థ' కాస్తా 'ధ' అవుతుంది. పేరే మారిపోతుంది. తక్కువ పెట్టి, మిగిలిన మచ్చల్ని చేత్తో తుడిచేయండి.

*పాత బొమ్మని పక్కకి లాగి తీసేయండి.* ట్రేస్ ఫలితం అసలు బొమ్మ మీదే కూర్చుంటుంది. కింద ఉన్న జేపీజీని తీయకుండా సేవ్ చేస్తే, మొదటి అంకంలో చెప్పిన దొంగ వెక్టార్ మీ చేత్తో మీరే తయారు చేసినట్టు.

*ట్రేస్‌ని చివరి ఫలితం అనుకోకండి.* నిజానికి అది చిత్తుప్రతి. దగ్గరికెళ్లి చూస్తే పళ్లెం గుండ్రంగా ఉండదు, బంగాళదుంపలా ఉంటుంది. దాన్ని దిద్దుతూ కూర్చోకండి. తీసేసి, సర్కిల్ టూల్‌తో రెండు వృత్తాలు గీస్తే అర నిమిషంలో పని అయిపోతుంది. నిలువు, అడ్డ గీతలూ అంతే. ఆవిరి గీతల్ని పెన్ టూల్‌తో నాలుగైదు బిందువుల్లో గీయండి. 'సింప్లిఫై' నొక్కితే బిందువులు తగ్గుతాయి, కానీ ఒక్కసారి చాలు. రెండోసారికి తలకట్టు మూల కరిగిపోవడం మొదలవుతుంది.

*అక్షరాల్ని వీలైతే మళ్లీ టైప్ చేయండి.* రామభద్ర, మల్లన్న, మండలి, ధూర్జటి, గురజాడ, తిమ్మన లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పాత లోగో మీద పేరు టైప్ చేసి, ఫాంట్లు ఒక్కొక్కటే మార్చి చూడండి. ఒకటి అతికినట్టు సరిపోతే ట్రేస్ చేసిన అక్షరాలు తీసేసి ఇవే పెట్టి, పాత్‌గా మార్చండి. సరిపోకపోతే అది చేత్తో రాసిన అక్షరమో, అను ఫాంటో అయి ఉంటుంది. అను ఉన్న డీటీపీ షాపులో ఆ ఒక్క పేరు టైప్ చేయించి, కర్వ్స్ చేయించి తెచ్చుకోండి.

చేత్తో రాసిన అక్షరాలైతే దగ్గరి దారి లేదు. బొమ్మని సగం పలచన చేసి, లేయర్ తాళం వేసి, పెన్ టూల్‌తో పైన గీయాలి. బిందువులు వంపు తిరిగే చోట మాత్రమే పెట్టండి. ఆరేడు అక్షరాల పేరుకి అలవాటున్నవాళ్లకి గంట, కొత్తవాళ్లకి ఒక సాయంత్రం. ఒకసారి గీస్తే ఇక ఏ సైజుకైనా అదే.

7. సేవ్ చేయడం

లోగోకి పీఎన్‌జీ, ఎస్‌వీజీ. జేపీజీ వద్దు. జేపీజీ బొమ్మని 8 × 8 పిక్సెల్ గళ్లుగా విడదీసి నొక్కుతుంది. ఫోటోలో అది కనబడదు, లోగోలాంటి పదునైన అంచు దగ్గర చుట్టూ మురికిలా తేలుతుంది. పైగా తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. ఎవరైనా జేపీజీయే కావాలంటే చివర్లో ఒక్కసారి, ఎక్కువ క్వాలిటీలో చేసి ఇవ్వండి.

8. తేడా వస్తే ఏం చేయాలి

*అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు.* జేపీజీ పని. పదును పెడితే చుక్కలకి కూడా పదునొస్తుంది. అసలు ఫైల్ నుంచి పీఎన్‌జీ తీయండి, లేదంటే ట్రేస్.

*రంగు కాగితం మీద లోగో చుట్టూ తెల్ల డబ్బా.* జేపీజీలో పారదర్శకత ఉండదు. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి, బ్యాక్‌గ్రౌండ్ లేయర్ ఆపేసి.

*డబ్బా పోయింది, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద సన్నటి తెల్ల అంచు ఉంది.* తెలుపు మీది నుంచి కత్తిరించిన లోగో అది. ఫోటోషాప్‌లో లేయర్ మెనూలో మ్యాటింగ్, అందులో 'డీఫ్రింజ్' 1 పిక్సెల్.

*లోగో పొట్టిగానో బారుగానో అయింది.* తాళం తీసి ఉంది. ఉజ్జాయింపుగా వెనక్కి లాగకండి, అన్‌డూ చేసి మళ్లీ మొదలెట్టండి. ఫోటోషాప్ కొత్త వెర్షన్లలో షిఫ్ట్ పట్టుకుంటే నిష్పత్తి తప్పుతుంది, పాతవాటిలో షిఫ్ట్ పట్టుకోకపోతే తప్పేది. చెయ్యి అలవాటు వల్ల వచ్చే పొరపాటు ఇది.

*రిజల్యూషన్ 72 నుంచి 300 చేశాను, అయినా బాగుపడలేదు.* రీశాంపుల్ టిక్ లేకుండా మార్చి ఉంటే పిక్సెల్స్ అన్నే ఉన్నాయి, అచ్చు సైజు మాత్రం తగ్గింది. టిక్ ఉండి మార్చితే ఊహించి నింపింది. రెండు విధాలా నాణ్యత పెరగదు.

*క్యూఆర్ కోడ్ మసకబారింది.* గళ్ల బొమ్మకి క్యూబిక్ పనికిరాదు. గింప్‌లో ఇంటర్‌పొలేషన్ 'నన్', ఫోటోషాప్‌లో 'నియరెస్ట్ నైబర్' పెట్టి, రెండింతలు, మూడింతలు అని పూర్ణ సంఖ్యల్లోనే పెంచండి.

*వెబ్‌సైట్‌లో ఎస్‌వీజీ సైజు మారకుండా సగం తెగిపోతోంది.* ఫైల్‌లో బొమ్మ హద్దులు చెప్పే 'వ్యూబాక్స్' లేదు. ఇంక్‌స్కేప్‌లో పేజీని బొమ్మకి సరిపడా కుదించి, వ్యూబాక్స్ ఆప్షన్‌తో 'ఆప్టిమైజ్డ్ ఎస్‌వీజీ'గా సేవ్ చేయండి.

9. పంపే ముందు చూసుకోవాల్సినవి

- వైర్‌ఫ్రేమ్‌లో చూశారా? లోపల పాత జేపీజీ దాక్కుని లేదు కదా?
- అక్షరాలన్నీ కర్వ్స్ అయ్యాయా? టైప్ చేసిన కాపీ విడిగా ఉందా?
- ఒత్తులు, చుక్కలు, దీర్ఘాలు అన్నీ ఉన్నాయా? లోగో ఎప్పుడూ చూడని మనిషి చేత పేరు పైకి చదివించండి. రోజూ చూసే మన కళ్లకి పోయిన చుక్క కూడా కనిపిస్తూనే ఉంటుంది.
- పీఎన్‌జీని తెలుపు మీదా, నలుపు మీదా పెట్టి చూశారా?
- ఫ్లెక్స్ అయితే ఒక మూలని అసలు సైజులో, అంటే 100 శాతం జూమ్‌లో చూశారా? వీలైతే ఆ ముక్కని ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి గోడకి అంటించి, పది అడుగుల దూరం నుంచి చూడండి.
- వాట్సాప్‌లో పంపుతుంటే డాక్యుమెంట్‌గానే పంపుతున్నారా?
- ఫైల్ పేరులో రకం, సైజు ఉన్నాయా? 'లోగో ఫైనల్', 'లోగో ఫైనల్ న్యూ', 'లోగో ఫైనల్ న్యూ 2' అని మూడుంటే, షాపువాడు అచ్చు వేసేది ఆ మూడింట్లో మీరు వద్దనుకున్నదే.